మెహందీ పెట్టిన బొటనవేలు

ఫోటోగ్రాఫర్ సుజన ఎవరని లాల్‌దర్వాజాలో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. ఆమె తీసిన ఫోటో ఒక్కటి చూపించమంటే మాత్రం ఎవరి దగ్గరా దొరకదు. పోనీ వాళ్ళ స్టూడియో గోడ మీద చూద్దామా అంటే అక్కడ వేలాడేవన్నీ ఆమె భర్త సాయికుమార్ తీసినవి. పాస్‌పోర్టు సైజు మొహాలు, బోర్లా పడుకుని తల ఎత్తిన పసిపిల్లలు, బోనం ఎత్తుకున్న ఆడపడుచులు. సుజన తీసినవి వేలల్లో ఉంటాయి గానీ అవి ఏ గోడా ఎక్కలేదు, ఎక్కవు కూడా. పరదా పాటించే ఇళ్ళలో పెళ్ళయితే ఆడవాళ్ళ వైపు ఫోటోలు తీయడం ఆమె పని. బురఖాలు తీసేసి, జడల్లో పూలు పెట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకునే ఆడవాళ్ళు పరాయి మగవాడి కంట పడకూడదని ఆ ఇళ్ళలో కట్టుబాటు. వాళ్ళ ఫోటో కూడా పడకూడదు. ఆ ఒక్క షరతు మీదే సుజన సంసారం నడుస్తోంది.

ఈ పనిలోకి ఆమె ఎలా వచ్చిందో చెప్పాలంటే పాల దగ్గర మొదలుపెట్టాలి. సుజన తండ్రి రాజన్నకు లాల్‌దర్వాజా వెనక సందులో బర్రెలుండేవి. తెల్లారగానే క్యాన్లు కట్టుకుని మోపెడ్ మీద ముస్లిం కుటుంబాలుండే బార్కస్ బస్తీ దాకా పోయి పాలు పోసి వచ్చేవాడు. బడి లేని రోజుల్లో సుజన వెనక కూర్చునేది. బార్కస్ ఇళ్ళలో రాజన్న గుమ్మం పరదా దగ్గరే ఆగిపోవాలి. లోపలి నుంచి ఒక చేయి గిన్నె చాపితే పాలు పోసి, మొహం తిప్పుకుని వచ్చేయాలి. సుజన చిన్నపిల్ల కాబట్టి ఆ అడ్డు లేదు. గిన్నె పట్టుకుని దర్జాగా లోపలికి పోయేది. కాసేపటికి నోటినిండా ఖర్జూరాలతో బయటికి వచ్చేది. ఆ పిల్ల పేరేమిటో చాలామందికి తెలియదు. అందరికీ ఆమె ‘దూద్‌వాలే కీ బేటీ’, అంటే పాలాయన బిడ్డ.

ఆ ఖర్జూరాలు పెట్టే చేయి అజీజున్నీసాది. అబ్దుల్ వాహెద్ అనే అత్తరు వ్యాపారి తల్లి ఆమె. ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. కూతురి పెళ్ళికి కొడుకు ఎవరో పెద్ద ఫోటోగ్రాఫర్‌ను పిలిపిస్తే పరదా దగ్గరి నుంచే వెనక్కి పంపేసింది. అసలు ఫోటోలే వద్దంటే పెళ్ళికూతురు అన్నం మానేసి కూర్చుంది. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది.

“మన దూద్‌వాలే కీ బేటీ ఫోటో దుకాణపోణ్ణి చేసుకున్నదంట గదా. ఆ పోరిని పిలువుండ్రి.”

అప్పటికి సుజనకు కెమెరా పట్టుకోవడం వచ్చు, అంతే. సాయికుమార్ ఆ పూటకు పాఠాలన్నీ గబగబా చెప్పి కెమెరా మెడలో వేసి పంపాడు. గుమ్మంలో అజీజున్నీసా ఆమె గడ్డం పట్టుకుని ఒక్క మాటే అంది. “బేటీ, మా ఇజ్జత్ నీ డబ్బాల పెడుతున్నం.”

ఆ మాట సుజన మరిచిపోలేదు. ఫోటోలు దిద్దే పని ఇంటి వెనక గదిలో తలుపేసుకుని చేసేది. ఆల్బం తయారీకి ఆడపిల్ల పనిచేసే ల్యాబ్ ఏదో వెతికి పట్టుకుంది. సాయికుమార్ చాయ్ ఇవ్వడానికి వచ్చినా గడపవతలి నుంచే చేయి చాపేవాడు. ఒకప్పుడు మామ పాలు పోసిన తీరులోనే ఇప్పుడు నేను చాయ్ పోస్తున్నానని స్నేహితుల దగ్గర వాపోయేవాడు గానీ ఆ వాపోవడం నిండా గర్వమే. పెళ్ళాం నిజాయితీ గురించి చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సాకు ఆయనకు దొరకలేదు.

ఇంకో సంగతి. అన్ని పెళ్ళిళ్ళు తీసినా అజీజున్నీసా ఫోటో మాత్రం సుజన దగ్గర ఒక్కటీ లేదు. కెమెరా తన వైపు తిరిగిందంటే చాలు, ఆ పెద్దావిడ దుపట్టా మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయేది. “నాదెందుకు బేటీ. నన్ను పుట్టించినోడు చూస్తే చాలు” అనేది. ఎన్ని గ్రూప్ ఫోటోల్లో చూసినా ఒక చివర తెల్లటి దుపట్టా వెనక భాగం ఒకటి కనిపిస్తుంది. అదే ఆమె.

కాలం మారింది. ఇదివరకు ఆల్బం వచ్చేదాకా ఆగేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళికూతురు స్టేజీ దిగకముందే ఫోటోలు తన ఫోన్‌లో ఉండాలంటోంది. అందుకని సుజన కెమెరా నుంచి ఫోటోలు తన ఫోన్‌లోకి తీసుకుని అక్కడికక్కడే పంపడం మొదలుపెట్టింది. పంపాక తుడిచేయాలనుకునేది. తుడిచేస్తే నెల తిరక్కముందే ఎవరో ఫోన్ చేసి, అక్కా మా అమ్మ ఫోటో మళ్ళీ పంపవా అని ఏడుపు. దాంతో అన్నీ ఫోన్‌లోనే ఉండిపోయేవి. బార్కస్, మాదన్నపేట, ఇంకా ఎక్కడెక్కడి ఇళ్ళ ఆడవాళ్ళో ఆ చిన్న ఫోన్‌లో నిండి ఉండేవాళ్ళు. దానికి ఆమె వేసిన తాళం తన కుడిచేతి బొటనవేలు. వేలు పనిచేయనప్పటికని ఒక నంబర్ కూడా ఉంది గానీ దాని అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ తాళం గురించి ఉమ్మే హానీ ముందే చెప్పింది. హానీ అజీజున్నీసా పెద్ద మనవరాలు, నాంపల్లి కోర్టులో వకీలు. ఆమె పెళ్ళి ఫోటోలు కూడా సుజనే తీసింది. ఒకరోజు పాప మొదటి పుట్టినరోజు ఫోటోల కోసం స్టూడియోకు వచ్చి, సుజన ఫోన్ మీద వేలు ఆనించగానే అది తెరుచుకోవడం చూసింది.

“సుజనక్కా, వేలు తీసేసి నంబర్ ఒక్కటే పెట్టుకోరాదా?”

“నంబరైతే ఎవరన్న పక్క నుంచి చూస్తరు. వేలు నాతోనే ఉంటది గదా. దాన్నెవరు ఎత్తుకపోతరు?”

“అదే నా ఫికర్. వేలు నీతోనే ఉంటది. నిన్ను పట్టుకొని నిలబెడితే వేలు గూడ అక్కడనే దొరుకుతది.”

సుజన నవ్వింది. హానీ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, కోర్టులో జడ్జికి చెప్పినంత ఓపికగా చెప్పింది.

“ముద్దాయితోని ఆయనకే ఎదురుతిరిగే మాట బలవంతంగ చెప్పియ్యొద్దని రాజ్యాంగంల ఉన్నది. నంబర్ అంటే మనసుల దాచుకున్న మాట. అది చెప్పుమనుడు అంటే సాక్ష్యం చెప్పిచ్చుడే అని కొందరు జడ్జీలు అన్నరు. వేలిముద్ర గట్ల కాదు. అది మాట కాదు, ఒంటి మీది గుర్తు, తీసుకోవచ్చని పాత తీర్పులున్నయి. మరి ఫోన్ తెరువనీకి వేలు పెట్టిచ్చుడు గూడ గదే లెక్కనా అంటే ఒక్కో కోర్టు ఒక్కో తీరు చెప్తున్నది. ఇంకా ఖరారు కాలే.”

“నేనేం ముద్దాయిని గాదు గదా.”

“కాదు. ముద్దాయివి కాకపోతే ఆ హక్కు గూడ నీకు సూటిగ పనికిరాదు. అసలు సంగతి విను. చట్టం ఏమంటదో నిమ్మళంగ తేలుతది అక్కా. వేలు మాత్రం ఒక్క క్షణంల పెట్టిస్తరు. తప్పని తేలేటాలకు చూసుడు అయిపోతది. చూసినదాన్ని మళ్ళ చూడనట్టు ఎవరు చేస్తరు? నంబరైతే నువ్వు నోరు తెరువాలె. నోరు నీ చేతుల ఉంటది.”

సుజనకు మాట నచ్చింది. మారుస్తానంది. మార్చలేదు. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో ఫోన్, ఎదురుగా తొందరపడే పెళ్ళికూతురు. అలాంటప్పుడు నంబర్లు నొక్కుతూ ఎవరు కూర్చుంటారని రేపు మాపు అనుకుంటూ వదిలేసింది. పరదా వెనక పుట్టిపెరిగిన వాళ్ళకన్నా జాగ్రత్తగా వాళ్ళ మొహాలను కాపాడిన మనిషి, తాళంచెవిని మాత్రం చేతికే అతికించుకుని ఊరంతా తిరిగింది.

హానీ చెల్లెలు రుమానా పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు సాంచక్ జరుగుతుంది. పెళ్ళికొడుకు ఇంటి ఆడవాళ్ళు పళ్ళేలలో బట్టలు, పూలు, మెహందీ పట్టుకుని పెళ్ళికూతురి ఇంటికి వస్తారు. ఆ మధ్యాహ్నం సుజన మేడమీది వరండాలో నిలబడి, వాళ్ళు బురఖాల్లో గల్లీలోకి వస్తుంటే ఫోన్‌తో వీడియో తీసింది. పళ్ళేల మీది జరీ గుడ్డలు ఎండకు మెరుస్తుంటే ఆమెకు అదే లోకం. ఇంతలో కింద మగవాళ్ళ మధ్య లొల్లి మొదలైంది. ఎవరిదో కారు గల్లీకి అడ్డంగా పెట్టారని ఒకరు, తీసేది లేదని ఒకరు. మాటా మాటా పెరిగి ఒక దుకాణం అద్దం పగిలింది, ఒకాయన నుదురు చిట్లింది. పెళ్ళికూతురి తండ్రి వాహెద్ పరుగెత్తుకెళ్ళి రెండు వైపులా బతిమాలుకున్నాక అందరూ సర్దుకున్నారు. సుజన వీడియో ఆపేసి లోపలికి పోయింది. ఆడవాళ్ళ గదిలో ఆ లొల్లి ఊసే లేదు. ఢోలక్ మీద పాటలు సాగుతున్నాయి.

రుమానా ఫోటోలు అయిపోగానే అజీజున్నీసా సుజన చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

“దాదీమా, చేతులతోనే నా పని” అని సుజన చేయి లాక్కోబోయింది.

“సాంచక్ నాడు ఈ ఇంట్ల ఎవ్వరి చెయ్యి ఖాళీగ ఉండొద్దు. నీ చెయ్యి ఉంటదా? నువ్వు బయటిదానివా?”

ఆ ఇంట్లో అది పాత అలవాటు. వంటకు వచ్చినామెకు కూడా మెహందీ పెట్టకుండా పంపరు. సుజనకు ప్రతిసారీ పెడతామనేవాళ్ళు, ప్రతిసారీ ఆమె కెమెరా అడ్డం పెట్టుకుని తప్పించుకునేది. ఈసారి మాత్రం, బయటిదానివా అన్న మాటకు మెత్తబడిపోయింది. అజీజున్నీసాకు ఇప్పటి కోన్లు, పూలూ తీగలూ రావు. ఆమెది పాత తరహా. అరచేతి మధ్య ఒక గుండ్రటి బిళ్ళ, తర్వాత వేళ్ళ చివరలన్నీ గోళ్ళు కూడా కనబడకుండా ముద్దగా కప్పేయడం. కుడిచేయి అయ్యాక సుజన లేవబోతే, రెండోది ఉపాసముంటదా అని ఎడమచేయి కూడా లాగింది. ఫోన్ సుజన భుజానికి వేలాడే సంచిలో ఉంది. ఆమె రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, పనీపాటా లేని మహారాణిలా కూర్చుంది. అలా ఊరికే కూర్చోవడం ఆమెకు ఎంత బాగుందో చెప్పలేం.

అప్పుడు పోలీసులు వచ్చారు. అద్దం పగిలిన దుకాణదారు ఫోన్ చేశాడట. ముంగిట్లో ఎస్సై, ఆయన వెనక ఒక లేడీ కానిస్టేబుల్. పైనుంచి లేడీ ఫోటోగ్రాఫర్ అంతా తీసిందని గల్లీలో ఎవరో చెప్పేశారు. వాహెద్ పరదా బయటి నుంచి పిలిస్తే సుజన మెహందీ చేతులతోనే ముంగిట్లోకి వెళ్ళింది.

“వీడియో ఉన్నదా అమ్మా?” అన్నాడు ఎస్సై. మనిషి మర్యాదగానే ఉన్నాడు గానీ తొందరలో ఉన్నాడు.

“ఉన్నది సార్. ఎండినంక చేతులు కడుక్కొని చూపిస్త. మీకు పంపుత గూడ.”

“అంత టైం లేదమ్మా. గా వీడియో ఎవరన్న వాట్సాప్‌ల పెడితే ఊరంత లొల్లి అయితది. ఫోన్ ఇయ్యి, స్టేషన్‌కు తీస్కపోయి అంతా చూసి పంపిస్తం.”

అంతా అన్న మాటకు సుజన సంచిని మోచేత్తో ఒంటికి అదుముకుంది. వీడియో ఒక్కటే అయితే ఆమెకు దాచవలసింది ఏమీ లేదు. అంతా అంటే ఇప్పుడే తలారబెట్టుకుని కూర్చున్న రుమానా. అంతా అంటే కాన్పయిన మూడోనాడు చెల్లి పెళ్ళికి వచ్చి గోడకానుకుని పాలిస్తున్న మాదన్నపేట టీచరమ్మ. భర్త పోయాక మొదటిసారి నవ్వి, అక్కా ఇది నాకొక్కదానికే పంపు అని చెవిలో చెప్పిన ఆవిడ. స్టేషన్‌లో టేబుల్ మీద ఆ ఫోన్ పెట్టి ఎవరెవరో వేలితో జరుపుతూ పోతుంటే ఆ మొహాలన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎవరూ చెడు తలచకపోవచ్చు. అయినా వాళ్ళ మొహాలు వాళ్ళ చేతుల్లో లేకుండా పోతాయి. రేపటి నుంచి బార్కస్‌లో ఏ పరదా తనకోసం పక్కకు జరుగుతుంది?

“సార్, ఫోన్ వద్దు. అందుల ఆడోళ్ళ ఫోటోలున్నయి. వీడియో ఇక్కడనే...”

“మేమేం పిక్చర్ చూడనీకి రాలేదమ్మా” అని విసుక్కుని, లేడీ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. ఆమె సంచిలోంచి ఫోన్ తీసింది. సుజన మణికట్టు పట్టుకుని బొటనవేలిని ఫోన్ మీద ఆనించింది.

ఏళ్ళ తరబడి ఆ వేలు తగలగానే తెరుచుకున్న ఫోన్ ఇప్పుడు ఉలకలేదు. మెహందీ ముద్ద దానికి అంటుకుని ఆకుపచ్చటి మరక పడింది, అంతే. కానిస్టేబుల్ చేతిరుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టింది. చూపుడువేలు పెట్టింది. ఎడమచేయి పెట్టింది. ప్రతిసారీ ఫోన్ గుర్రుమని కదిలి ఊరుకుంది. చివరికి ఇక వేళ్ళు చాలు, నంబర్ కొట్టమని తెర మీద చూపించింది.

“కడుక్కొని రమ్మను” అన్నాడు ఎస్సై.

“కడిగినా ఇగ వేలు తీసుకోదు సార్. నంబరే అడుగుతున్నది” అని కానిస్టేబుల్ చెప్పింది. సుజన మణికట్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పట్టు మాత్రం వదులైంది. చెదిరిన మెహందీ వైపు చూసి, అయ్యో అన్నట్టుగా పెదవి కొరుక్కుంది. ఆ అయ్యో సుజనకు కనబడింది. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

“నంబర్ చెప్పమ్మా.”

జీవితంలో పోలీసు మాటకు ఎదురు చెప్పవలసి వస్తుందని సుజన అనుకోలేదు. రాజన్న బిడ్డకు పెద్ద గొంతు కూడా లేదు. అయినా నోరు తన చేతుల్లోనే ఉందని హానీ చెప్పిన మాట గుర్తొచ్చింది.

“చెప్ప సార్. వీడియో ఇస్త. ఫోన్ ఇయ్య.”

ఎస్సై మొహం ఎర్రబడింది. అడ్డు పడుతున్నావా, కేసు పెట్టమంటావా అని గొంతు పెంచాడు. ఆ గొంతుకు లోపల ఢోలక్ ఆగిపోయింది. పరదా కదిలి ఉమ్మే హానీ బయటికి వచ్చింది. ఎవరో తల మీద కప్పిన దుపట్టా, మోచేతుల దాకా మెహందీ, బట్టలకు అంటకుండా రెండు చేతులూ ముందుకు చాపుకుని నడుస్తోంది. ఆ వేషంలో ఆమె వకీలంటే జడ్జి కూడా నమ్మడు.

“నమస్తే సార్. చేతులు జోడియ్యలేను, మాఫ్ చేయుండ్రి. నేను వీళ్ళ అడ్వకేట్‌ను” అంది. గొంతు మాత్రం నాంపల్లిలో వాదించే గొంతే. “ఈమె ముద్దాయి కాదు, సాక్షి. సాక్షి ఆడమనిషైతే స్టేషన్‌కు రమ్మనొద్దు, ఇంటికాడనే అడుగాలె. మీకు ఆ వీడియో కావాలె, అడిగే హక్కు మీకున్నది. ఏది కావాలెనో రాసియ్యుండ్రి, మీ ముంగటనే కాపీ చేసిస్తం. వీడియో అసలుదేనని కోర్టుకు కావాల్సిన సర్టిఫికెట్ నేనే దగ్గరుండి రాయిస్త. ఫోన్‌ల మిగిలింది ఈ కేసుల లేదు. దాన్ని తెరువాలంటే తెరువనీకి కారణం రాయాలె. ఏం రాస్తరు సార్?”

ఎస్సైకి కావలసింది వీడియో. అది దొరుకుతుంటే ఇంకో తగాదా తలకెత్తుకునే ఓపిక ఆయనకు లేదు. పైగా చెప్పిన మాటలో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. కాగితం తీసి రాశాడు. రాస్తూ, “ముందే గిట్ల చెప్తే అయిపోతుండె గదా” అన్నాడు. ముందే అలా చెప్పింది సుజనే అని ఎవరూ గుర్తుచేయలేదు.

ఇక ఫోన్ తెరవాలి. సుజన గోడవైపు తిరిగి, వేళ్ళన్నీ మెహందీ కాబట్టి చిటికెన వేలు మడిచి ఆ కణుపుతో నంబర్ కొట్టింది. రెండుసార్లు తప్పి మూడోసారి తెరుచుకుంది. కణుపుతోనే వీడియో వెతికి, దాన్నొక్కదాన్నే ఎస్సై తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. అందులో కారు తీయనన్నది ఎవరో, అద్దం మీద రాయి విసిరింది ఎవరో స్పష్టంగా ఉంది. ఇద్దరూ ఆ ఇంటివాళ్ళు కారు. వెళ్ళేటప్పుడు లేడీ కానిస్టేబుల్ వెనకబడి, సుజన పక్కకు వచ్చి మెల్లగా అంది.

“అక్కా, మెహందీ ఖరాబ్ చేసిన. ఏమనుకోకు.”

“ఏమనుకోనమ్మా” అంది సుజన. నిజంగానే ఏమీ అనుకోలేదు. పట్టుకున్న చేతిని అంత మెత్తగా వదిలిన మనిషి మీద ఆమెకు కృతజ్ఞతే మిగిలింది.

వాళ్ళు వెళ్ళాక హానీ, “వేలు లాక్ తీసేసినవేమో అనుకున్న, తీయనే లేదా” అని కోప్పడింది. సుజన ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇద్దరి చేతులూ గాలిలోనే ఉన్నాయి, ఒకరి కన్నీళ్ళు ఒకరు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు. వాహెద్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియక చాయ్ తెమ్మని లోపలికి కేక వేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి సుజన మొదట చేసిన పని ఫోన్‌లోంచి తన వేలిముద్రను తీసేయడం. తర్వాత వెనక గదిలో తలుపేసుకుని, ఎవరెవరి ఫోటోలు వాళ్ళకు పంపి, ఫోన్‌లోంచి తుడిచేస్తూ పోయింది. ఏడిస్తే ఏడవనీ, ఇంట్లో డిస్కులో ఉంటాయి, అడిగితే వెతికిస్తానని మొండికేసుకుంది. ఒక్కో మొహం పోతుంటే మనసులో ఒక్కొక్కరికీ దండం పెట్టుకుంది. ఇన్నేళ్ళు నమ్మారు, ఒక్కరైనా నాతో ఏ కాగితం రాయించుకోలేదు తల్లీ, అనుకుంది. తండ్రి రాజన్న పోయి చాలాకాలమైంది. పరదా దగ్గర మొహం తిప్పుకుని నిలబడే ఆ మనిషి గుర్తొచ్చాడు. ఆయన తిప్పుకున్న మొహం వల్లే తనకు ఆ తలుపులు తెరుచుకున్నాయని ఆ రోజు ఆమెకు మొదటిసారి తట్టింది.

పెళ్ళి బాగా జరిగింది. వలీమా విందు కూడా అయ్యాక, ఏ ఫోటోలు ఆల్బంలో పెట్టాలో అడగడానికి సుజన బార్కస్ వెళ్ళింది. మెహందీ ఎర్రగా పండింది. కుడి బొటనవేలి మీద మాత్రం చెదిరిన చోట రంగు వంకరగా ఉంది. అజీజున్నీసా ఆ వేలును తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“దాదీమా, ఆ రోజు నువ్వు మెహందీ పెట్టకపోతే నా బతుకు బజార్ల పడుతుండె. నీ రుణం...”

“నక్కో. రుణం మాట నువ్వు అనొద్దు” అని ఆమె నోటికి చేయి అడ్డం పెట్టింది. “నేను పెట్టింది వేలికి. నోరు నువ్వే మూసుకున్నవ్. పరదా వెనక నిలవడి అంతా విన్న, బేటీ. అంత పెద్ద పోలీసాయన అరుస్తుంటే మా పోరిల కోసం చెప్ప అన్నవ్.”

వసారాలో ఎండ ఆ పెద్దావిడ చాపిన కాళ్ళ దాకా వచ్చింది.

“నాదొక ఫోటో తియ్యి” అంది అజీజున్నీసా.

సుజన చేయి తటాలున మెడ దగ్గరికి పోయింది. కెమెరా ఆ రోజు తేలేదు. సంచిలోంచి ఫోన్ తీసి, అలవాటుకొద్దీ బొటనవేలు ఆనించింది. అది తెరుచుకోలేదు. ఆమె తడబడుతుంటే అజీజున్నీసాకు అర్థమైంది.

“నంబర్ కొట్టుకో బేటీ. నేను చూడను.”

అంటూ, ఇన్నేళ్ళూ కెమెరాను చూసి ఎలా తిరిగేదో అలాగే దుపట్టా లాక్కుని గోడవైపు తిరిగింది. సుజన కళ్ళు మసకబారి అంకెలు కనబడలేదు. తుడుచుకుని కొట్టింది.

“అయ్యిందా?”

“అయ్యింది దాదీమా.”

అజీజున్నీసా ఇటు తిరిగి, తల మీది దుపట్టా భుజాల మీదికి జార్చుకుంది. తెల్లటి జుట్టు సరిచేసుకుని, సూటిగా సుజన వైపు చూసి నవ్వింది.